బండి దింపని పెళ్ళికొడుకు

మొన్న మద్రాసు లోకల్ బండిలో అంబత్తూరు దాటి మా స్టేషన్‌లో దిగేసరికి పాత పెంకుల టికెట్ గదిని కూలగొడుతున్నారు. కొత్తది కడతారట, ఎస్కలేటరు కూడా పెడతారట. సంతోషమే, నా మోకాళ్ళు దండం పెడతాయి. కానీ మనవరాలు చెయ్యి పట్టి లాగుతున్నా అక్కణ్ణుంచి నా కాలు కదల్లేదు, ఎందుకంటే నా పెళ్ళిచూపులు జరిగింది ఆ గది ముందరే.

నవ్వకండి. ఆ రోజుల్లో లైను పక్క తెలుగు కుటుంబాలకి అదే ఆనవాయితీ. మా నాయన చిన్నప్పుడు అక్కడ ఉత్త మట్టి దిబ్బే ఉండేదట. అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటులో ఫ్యాక్టరీలు వచ్చి జనం పెరిగాక ప్లాట్‌ఫారమూ, ఈ గదీ వచ్చాయి. మావేమో ఒంటిగది ఇళ్ళు, నలుగురు చుట్టాలొస్తే ఇద్దరు గుమ్మం బయట నిలబడాలి. అందుకని పెళ్ళివారు ఎలక్ట్రిక్ బండిలో వచ్చి దిగడం, అమ్మాయి టికెట్ గది ముందు బల్ల మీద కూర్చోవడం, స్టాలు నుంచి కాఫీ, బజ్జీలు తెప్పించడం, తిరుగు బండి వచ్చేలోగా అవునో కాదో తేలిపోవడం.

నా సంబంధం ఎన్నూరు నుంచి వచ్చింది. ఫోటో చూసిన రోజే ఇతనే కావాలని మొక్కుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. తరాలుగా తమిళ దేశంలో ఉన్నవాళ్ళం కదా, ఇక్కడివాళ్ళలాగే మా నాయన అమావాస్య మంచిరోజని ఆనాడే రమ్మన్నాడు. అమావాస్యకి తిరువళ్ళూరు గుడికి ఊరంతా ఆ బండిలోనే పోతుందన్న సంగతి మాత్రం మరిచిపోయాడు.

బండి వచ్చింది. వాకిలి నిండా జనం. అందరి తలల మీదుగా ఫోటోలోని ముఖం ఒక్కసారి కనబడింది, దిగడానికి పెనుగులాడుతూనే బండితో పాటు వెళ్ళిపోయింది.

“అమాస నాడు ఒద్దురా అంటే ఇన్నావా? తమిళోళ్ళకు మంచిదైతే మనకూ మంచిదా?” అని మా అవ్వ నాయన మీద లేచింది. శకునం బాగాలేదు, పోదాం పదండన్నారు. అందరూ లేచారు. నేను లేవలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయన్నాను, తలనొప్పన్నాను, ఆఖరికి బల్ల పట్టుకుని కూర్చున్నాను.

అంతలో పట్టాల పక్కన కంకర మీద ఒక మనిషి వస్తూ కనిపించాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. “మా అమ్మ ఆడ అవతలి స్టేషన్లో కూచోనుందయ్యా. తిరుగు బండి కోసం చూస్తే మీరు ఇంటికి పోతారేమోనని నేను నడిచొచ్చేసినా,” అన్నాడు రొప్పుతూ. శకునం మాటెత్తిన మా అవ్వే తన కాఫీ గ్లాసు అతని చేతిలో పెట్టింది.

పెళ్ళయ్యాక మా నాయన వీధిలోనే కాపురం పెట్టాం. ఎన్నూరు పని నుంచి ఆయన వచ్చే బండి కోసం ఆ బల్ల మీదే ఎన్ని సాయంకాలాలు కూర్చున్నానో. ఇప్పుడు ఎవరు ఎక్కడున్నారో ఫోనే చెబుతుంది, కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసే పని లేదు. మంచిదే. ఆ పని పోయినందుకు నాకు మాత్రం బెంగగానే ఉంది.

ఆయన పోయిన రోజు ఇంటి నిండా జనం, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడంతోనే సరిపోయింది. మొన్న ఆ గోడ పడుతుంటే, ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా, ఆయన కోసం తనివితీరా ఏడ్చాను.