వంక ఇసుకలో రాసిన ఆకలి

నా చిన్నప్పుడు పడిన కష్టాలే నన్ను రచయిత్రిని చేశాయని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆమధ్య మదనపల్లెలో ఒక సభలో నాకు శాలువా కప్పి, మైకు ముందు నిలబడి ఒక పెద్దమనిషి అదే మాట అన్నాడు. కరువు మనకొక కలాన్ని ఇచ్చిందట. జనం చప్పట్లు కొట్టారు. కరువు ఎవరికీ ఏదీ ఇవ్వదు. అది మా ఇంట్లో గింజల్ని ఊడ్చుకుపోయింది, మందలో సగాన్ని తినేసింది, నన్ను బడి నుంచి లాక్కొచ్చింది. నాకు అక్షరాలు ఇప్పించింది మా జేజి, అంటే మా నాయన తల్లి. అదీ పోట్లాడి ఇప్పించింది.

మాది పెద్దమండ్యం దగ్గర మెట్ట పల్లె. వానలు మొహం చాటేసిన ఆ ఏడు గొర్రెలకు మేత లేక, ఇంటికి తాళం వేసి, మందను తోలుకుని కుప్పం వైపు బయలుదేరాం. జేజి, నాయన, అమ్మ, నేను, మా పెదనాయన కూతురు. ఆ అక్క తల్లి లేని పిల్ల, నాకంటే కొంచెం పెద్దది, మా ఇంట్లోనే పెరిగింది. దారిలో ఏ ఆసామి అడిగితే వాళ్ళ చేనులో మంద కట్టేవాళ్ళం. రాత్రిళ్ళు గొర్రెలు అక్కడ పడుకుంటే వాటి పెంటతో చేనుకు బలం వస్తుంది. బదులుగా ఆసామి మాకు సంగటి పెట్టి, పోయేటప్పుడు రాగులు కొలిచేవాడు.

బేరం మాట్లాడేది జేజే. ఆ ఏడు ఆమె బేరంలో కొత్త మాట ఒకటి చేరింది. రాగులతో పాటు, ఆ ఇంట్లో చదువొచ్చినవాళ్ళు ఎవరుంటే వాళ్ళు పొద్దుగూకే వేళ నన్ను కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాలి. ఆసాములు వింతగా చూసేవాళ్ళు, కాసేపు నవ్వేవాళ్ళు, చివరికి ఒప్పుకునేవాళ్ళు. ఒక ఊళ్ళో కొత్త కోడలు గుణింతాలు దిద్దించింది. ఇంకో ఊళ్ళో ఒక ముసలాయన తిట్టుకుంటూనే ఒత్తులు నేర్పాడు. నేను పాఠం దగ్గర ఉన్నంతసేపూ గొర్రెపిల్లల్ని పట్టి గంపల కింద మూసే పని అక్క ఒక్కతే చేసేది. ఇద్దరినీ పని మాన్పించే వీలు జేజికి లేదు.

పుంగనూరు దాటాక ఒక పెద్ద ఆసామి దొరికాడు. మధ్యాహ్నం అన్నిటికీ సరేనన్నాడు. సాయంత్రం నేను పలక పట్టుకుని వాళ్ళ వాకిటి తిన్నె మీద కూర్చుంటే బయటికొచ్చి చూసి, "గొర్లు కాసేదానికి సదువు యాల? లెయ్, పో" అన్నాడు. లోపల ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు పళ్ళు కొరకబుద్ధవుతుంది. పలక చంకలో పెట్టుకుని చేను దగ్గరికి వచ్చి జేజికి చెప్పాను.

జేజి కొంగు బిగించి నేరుగా అతని వాకిట్లోకి పోయింది.

"మా గొర్ల పెంటకు నీ చేన్లో చోటుండాది. మా పాపకు నీ తిన్నె మింద చోటు లేదా అప్పా?"

"రాగులిస్తాండా గదమ్మా, ఇంకేం కావాల నీకు?" అన్నాడు ఆసామి.

"ఒప్పుకున్న మాట కావాల."

అతను లోపలికి పోయాడు. జేజి తిరిగొచ్చి మంద చుట్టూ అప్పుడే కట్టిన వలను విప్పడం మొదలుపెట్టింది. పొద్దు వాలుతాండాదని, ఈనిన గొర్రెలు నడవలేవని నాయన బతిమాలాడు. ఆమె వినలేదు. మంద చేను దాటుతుంటే ఆసామి గట్టు మీదికి వచ్చి రాగులు ఇంకా ఎక్కువ కొలుస్తానని కేకలు పెట్టాడు. పాఠం ఊసు మాత్రం ఎత్తలేదు. జేజి వెనక్కి తిరిగి చూడలేదు. అక్క రెండు చంకల్లోనూ గొర్రెపిల్లల్ని ఇరికించుకుని నడిచింది.

ఎండిపోయిన వంకలో, ఆ వాగు ఇసుక మీద మంద దింపి, ఎవరమూ ఏమీ తినకుండానే పడుకున్నాం. నాకు కోపమంతా జేజి మీదే. ఒక్క పాఠం పోతే పోయేది, సంగటి ముద్ద దక్కేది కదా అనిపించింది.

తెల్లారాక జేజి నన్ను లేపి, అరచేత్తో ఇసుక చదును చేసి, గొర్రెలు కాసే కర్ర నా చేతికిచ్చింది. నిన్నటి పాఠం ఇప్పుడు జరగాలంది. నేను కర్ర విసిరేశాను. ఆమె తెచ్చి మళ్ళీ నా చేతిలో పెట్టింది. ఉక్రోషంతో ఇసుకను గీరి పారేశాను. అంతవరకూ ఎవరో రాసిచ్చినదాని మీద దిద్దడమే గానీ, నా అంతట నేను ఒక మాట రాయడం అదే మొదలు.

"ఏం రాసినావు?" అంది జేజి.

"ఆకలని రాసినా. నీ వల్లే!"

కొడుతుందనుకున్నాను. ఆమె చదవలేని ఆ అక్షరాల కేసి చూస్తూ కూర్చుంది. అంతలో గొర్రెలు లేచి వాటి మీదుగానే నడిచిపోయాయి.

"మల్లా రాయి. ఈసారి పెద్దగా రాయి" అంది.

రాశాను. తొక్కాయి. మళ్ళీ రాశాను. రాసేకొద్దీ నా కోపం జేజిని వదిలి ఆ ఆసామి మీదికి మళ్ళింది. ఇప్పటికీ అక్కడే ఉంది, దాన్ని కదిలించే ఉద్దేశం నాకు లేదు. కుప్పం దగ్గర మళ్ళీ పాఠమూ దొరికింది, సంగటీ దొరికింది. వానలు పడి ఊరు చేరాక జేజే నన్ను బడిలో దించి వచ్చింది. అక్క మందతోనే ఉండిపోయింది.

అదే కరువు, అదే వంక, అదే ఖాళీ కడుపు. కష్టమే రాయించేదైతే అక్క నాకంటే గొప్ప రచయిత్రి అయ్యుండాలి, నాకంటే ఎక్కువ మోసింది ఆమే. ఈనాటికీ ఆమెది వేలిముద్రే. సభలో నా వంతు వచ్చినప్పుడు ఈ మాటే అన్నాను. ఈసారి చప్పట్లు లేవు. ఆ శాలువా తీసుకుని నేరుగా ఊరికి పోయి, అక్క భుజాల మీద కప్పి జరిగింది చెప్పాను. కోపం తగ్గించి రాయమని నాకు సలహాలిచ్చే వాళ్ళున్నారని కూడా చెప్పాను.

అక్క అంతా విని, శాలువా తీసి పక్కన పెట్టింది. "నీ ఆకలి రాసుకున్నావు గదమే. మరి నాది?" అంది.

ఇప్పుడు ఏం రాసినా ముందు పెద్దమండ్యం బస్సెక్కి పోయి అక్కకే చదివి వినిపిస్తాను. తన ఆకలి అందులో కనబడితే తల ఊపుతుంది. ఊపకపోతే కాగితం చించేస్తాను. మళ్ళీ రాస్తాను, ఇంకా పెద్దగా.