కాళ్లు అందని ముందు సీటు

టేపు మెడలో లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. దాంతో అసలు పేరు మరుగున పడి, దర్జీ కాస్తా టేపుగారయ్యాడు. కోటు కుట్టినా, స్కూలు చొక్కా కుట్టినా ఆయన పద్ధతి ఒకటే. మనిషిని నిటారుగా నిలబెట్టి కొలవాలి, పిల్లలకైతే ఎదుగుదలకి కాస్త వదలాలి. ఆ చేత్తో కుట్టిన గుడ్డ ఏదీ వెనక్కి రాలేదు. తెడ్డుతో నడిపే కయాక్ పడవలు ఎంచడానికి మాత్రం ఇంకేం కావాలి అనుకున్నాడు.

ఆదివారాలు సరస్సు మీద గడపడం ఆయన భార్య చేసిన అలవాటు. రెండు సీట్ల పాత కయాక్‌లో ముందు ఆమె, వెనక ఈయన. ఆమె పోయాక ఆ పడవ సరస్సు ఒడ్డు షెడ్డులో బోర్లా పడి ఉంది. కొడుకునీ కోడలినీ మనవరాలినీ నీళ్ల మీదికి తేగలిగితే ఆదివారమైనా మిగులుతుందని ఆయన ఆశ. లేకపోతే అదీ ఆమెతోపాటే పోయినట్టు.

కొత్త పడవలు ఒక ఆదివారం వాడి చూసి, నచ్చితే ఉంచుకునేట్టు దుకాణంలో మాట్లాడుకున్నాడు. పడవలో మనిషి కూర్చుంటాడు కదండీ, నడుము వెడల్పు చూడండి, ఎవరు దేనికి వాడతారో అడగండి అని దుకాణదారు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. వింటేనా! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. పొడుగాటి కొడుక్కి పొడుగాటి సన్న కయాక్, మనవరాలికి ఒక సైజు పెద్దది, కోడలికి ఒంటికి అతికినట్టుండే చిన్నది తెచ్చాడు.

ఇంకేముంది, తల ప్రాణం తోకకొచ్చింది. కొడుకు గాలం విసిరాడో లేదో, సన్న పడవ పక్కకి ఒరిగి బోల్తా కొట్టింది. తండ్రి తువ్వాలు అందిస్తే వద్దన్నాడు.

"నిండా మునిగినవాడికి చలేంటి నాన్నా. చేపలు పట్టుకుంటానని ముందే చెప్పానా లేదా?"

"నీ పొడుక్కి అదే సరిపోతుందిరా."

"నా పొడుగుతో చేపలకేం పని?"

మనవరాలి సంగతి మరీ అన్యాయం. వెడల్పు పడవ అంచులకి మోచేతులు తగిలి, తెడ్డు నీళ్లకి అందక, ఉన్నచోటే గానుగెద్దులా తిరిగింది. పెద్దయ్యాక ఎక్కుతాలే తాతా అని దిగిపోయింది. కోడలికి అసలే నీళ్లంటే బెదురు. కాళ్లు లోపలికి దూర్చి కూర్చోగానే మొహం పాలిపోయింది. బిగుతు చొక్కాలో ఊపిరాడనట్టుంది మామయ్యా అని ఒడ్డు వదలకముందే లేచి వచ్చేసింది.

టేపుగారికి ఒళ్లు మండింది. ఒక్కరికీ ఓపిక లేదు, ఒక్కరికీ శ్రద్ధ లేదు అని తెడ్ల మీద విసుక్కుంటుంటే, కొడుకు చొక్కా పిండుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"వచ్చే వారం నుంచి మేం రాం నాన్నా. నువ్వెళ్లిరా."

ఆయన తెడ్లు ఏరి కట్టగట్టడం మొదలెట్టాడు. కోడలే, షెడ్డులో అత్తయ్య పడవ ఉందిగా అంది. అది వెడల్పు, ఊగదు, వెనక ఇంకో మనిషి ఉంటే భయం ఉండదు అని కూడా అంది. దుమ్ము పట్టి ఉంటుందని, సాలెగూళ్లుంటాయని ఆయన గొణిగాడు. కొడుకు అప్పటికే దాన్ని లాక్కొచ్చాడు.

కోడలు ముందు సీట్లో కూర్చుంది. కాళ్లు ఆనించే మెట్టు ఆమెకి అందలేదు. అత్తగారు పొడగరి, అది ఆమె కాళ్ల కొలతకి బిగించింది. పాదాలకి ఊత లేక తెడ్డు వేసినప్పుడల్లా ముందుకి జారుతోంది. ఒక్క మరమేకు వదులు చేస్తే మెట్టు దగ్గరికి జరుగుతుంది. టేపుగారు మర మీద చెయ్యి పెట్టాడు, తిప్పలేదు. కొడుకు సాయానికి వంగాడు.

"ముట్టుకోకు."

ఆ గొంతుకి కొడుకు వెనక్కి తగ్గాడు. కోడలు మాత్రం కదల్లేదు.

"కదిలించకండి మామయ్యా. పాప గౌను పొడుగైతే మీరేం చేస్తారు? కత్తిరిస్తారా?"

"కత్తిరించడమెందుకు. లోపలికి మడిచి కుడతా."

"మరి?"

కొడుకు వద్దన్న తువ్వాలు ఆయన భుజం మీదే ఉంది. దాన్ని గట్టిగా చుట్టి మెట్టుకి ఆనించాడు. కట్టడానికి తాడు కోసం అటూ ఇటూ చూశాడు. తడిస్తే టేపు సాగుతుందనీ, సాగిన టేపు కొలతకి పనికిరాదనీ ఆయనకి తెలియంది కాదు. మెడలోంచి తీసి, బిగించి ముడేశాడు. కోడలి పాదాలు ఊతకి ఆనాయి.

సరస్సు మధ్యకి వెళ్లేదాకా వెనక సీట్లోంచి ఆయన సణుగుడు ఆగలేదు. అటు కాదు ఇటు, మరీ లోతుకి ముంచకు, భుజం కాదు నడుము తిప్పు, మీ అత్తయ్యకి ఇవన్నీ చెప్పాల్సిన పని ఉండేది కాదు. కోడలు వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చింది.

"వచ్చే ఆదివారానికి అలవాటవుతుందిలెండి మామయ్యా."

టేపుగారి చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి వెళ్లింది. అక్కడేమీ లేదు. మళ్లీ తెడ్డు అందుకుని, ఎడమవైపు వెయ్యమన్నానా అని విసుక్కున్నాడు.