ఒడ్డుకొచ్చాక చెప్పు

నేను డిగ్రీ పాసయ్యాను. ముందు ఈ మాట రాసేస్తే గానీ మిగతాది రాయలేను. బి.ఏ., దూరవిద్యలో, నలభై ఆరేళ్ల వయసులో, ఇంగ్లీషు పేపరుతో మూడోసారి కుస్తీ పట్టి మరీ. మా అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ ఇంతవరకూ డిగ్రీ చదివినవాళ్లు లేరు. ఇప్పుడు అమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్ ఛార్జింగ్ ఎక్కడం కోసం చూస్తున్నాను. అమ్మ చెయ్యమన్న ఫోన్లు ఇంకా సగం మిగిలాయి. ఈలోపు నిన్నటి సంగతి రాసి పెడతాను.

నిన్న అమ్మ పుట్టినరోజు. అమ్మ ఎప్పుడు పుట్టిందో నిజానికి ఎవరికీ తెలియదు. కార్డులో మాత్రం జనవరి ఒకటి అని ఉంటుంది. మా వీధి ముసలివాళ్లలో సగం మంది ఆ రోజే పుట్టారు. "ఆ తేదీ నాది కాదే, కార్డు రాసినాయనకి తోచింది" అంటుంది అమ్మ. అయినా డెబ్బై అయిదు నిండాయి కాబట్టి అమ్మమ్మ కేకు కొయ్యాల్సిందేనని మా అమ్మాయి పట్టుబట్టింది. మా ఆయన ఆటో నడుపుతారు. ఆటోలో విజయవాడ నుంచి బందరు దాటి వెళితే ముగ్గురికీ నడుములు ఉండవని, స్నేహితుడి కారు అడిగి తెచ్చారు. బెంజ్ సర్కిల్ దగ్గర కేకు కోసం ఆగితే, షాపు నిండా కొత్త సంవత్సరం కేకులే. "అన్నీ హ్యాపీ న్యూ ఇయరేనండి. కింద ఖాళీ ఉంది, పేరు చెప్పండి, రాసిస్తా" అన్నాడు అమ్మే అతను. అలా 'హ్యాపీ న్యూ ఇయర్ అమ్మమ్మ' అనే కేకు నా ఒళ్లోకి వచ్చింది.

ఫలితాలు ముందురోజు సాయంత్రమే వచ్చాయి. అమ్మకి ఎదురుగా నిలబడి, నా నోటితో, ఊళ్లో అందరికంటే ముందు చెప్పాలని రాత్రంతా నోరు బిగబట్టుకున్నాను. కేకు ఒళ్లోకి రాగానే ఆగలేకపోయాను. ఫోన్ చేశాను.

"అమ్మా, బయల్దేరాం. నీకో మాట చెప్పాలి."

"చెప్పమాకే. ఒడ్డుకొచ్చాక చెప్పు" అని పెట్టేసింది.

మాది సముద్రం మీద బతికిన ఇల్లు. పడవ నీళ్ల మీద ఉండగా వేట ఎలా ఉందని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. తాడు ఒడ్డున పడ్డాకే మాట. కానీ ఆడవాళ్లకి ముందే తెలిసిపోయేది. చేప బాగా పడితే పడవ నీళ్లలోకి దిగబడి, నిండు చూలాలిలా నెమ్మదిగా వచ్చేది. ఖాళీ పడవ ఎగిరెగిరి పడుతూ వచ్చేది. చిన్నప్పుడు అమ్మ పక్కన ఇసకలో నిలబడి చూసేదాన్ని. నాన్న పడవ లోతుగా కనిపిస్తే అమ్మ ఏమీ అనేది కాదు, ఇంటికి వెళ్లి గంప కడిగి తెచ్చుకునేది. అంతే. నేను ఇంగ్లీషు రెండుసార్లు తప్పడానికి కారణం కూడా అమ్మ దృష్టిలో ఇంగ్లీషు కాదు. రెండుసార్లూ పరీక్షకి ముందే "ఈసారి ఖాయం" అని ఊరంతా చెప్పుకున్నాను.

ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కున్నప్పుడు అసలు కొంప మునిగింది. వెనక సీట్లోంచి మా అమ్మాయి మెల్లగా అంది, "అమ్మా, నేను పొద్దున్నే స్టేటస్ పెట్టేశాను." నేను గౌను వేసుకున్నట్టు బొమ్మ, కింద 'మా అమ్మ గ్రాడ్యుయేట్'. చూసినవాళ్లలో అమ్మ దగ్గరే ఉండే మా తమ్ముడి భార్య ఉంది. అమ్మ ఎదురింటి పిన్ని కొడుకు ఉన్నాడు. తమ్ముడి భార్యకి చేస్తే ఫోన్ ఎత్తలేదు.

"ఈపాటికి మీ ఊళ్లో ఎండుచేపలక్కూడా తెలిసుంటుంది" అన్నారు మా ఆయన.

"మీరు రోడ్డు చూసి నడపండి."

పామర్రు దాటాక కోసిన వరిచేలల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. మరొకప్పుడైతే అద్దం దించి చూసేదాన్ని. నిన్న ఒకటే గుబులు. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మాట అమ్మకి ఎవరి ఫోన్లోనో కనబడితే ఇక నేను తీసుకెళుతున్నదేమిటి, కొత్త సంవత్సరం పేరున్న కేకు తప్ప.

మా వీధిలో కారు ఆగింది. గుమ్మాల్లో అందరూ ఉన్నారు. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. "వచ్చారా" అంటారు, నవ్వు ఆపుకుంటారు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడి భార్య కేకు అందుకుంటూ నా చెయ్యి గిల్లి, "మాకేం తెలీదు వదినా" అంది. అప్పుడర్థమైంది. పడవ ఇంకా నీళ్ల మీద ఉందని వీధి వీధంతా పొద్దుటి నుంచి మాట దాచిపెట్టింది.

అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన, ఏళ్లుగా అటక మీద ఉన్న చేపల గంప. కడిగి, ఎండకి బోర్లించి ఉంది.

"కాళ్లు కడుక్కో" అంది. కడుక్కున్నాను. "మంచినీళ్లు తాగు." తాగాను. "ఊఁ. ఇప్పుడు చెప్పు."

రాత్రంతా ఎన్ని రకాలుగా అనుకున్నానో. తీరా నోటికి వచ్చింది ఒక్కటే. "పాసయ్యానమ్మా."

అమ్మ నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతుల్లో చేపల వాసన ఎప్పుడో పోయిందనుకుంటాం, పోలేదు. "ఫోన్లో నీ గొంతు వింటేనే తెలిసిందే, పడవ లోతుగా ఉందని" అంది. ఆ తర్వాత వీధంతా ఒక్కసారిగా మాట్లాడింది.

కేకు కోశాక అమ్మ వాటాలు వేయించింది. వేటలో పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. "నీ పడవెవరు?" అని అడిగింది. క్లాసులకీ పరీక్షలకీ ఆటోలో దింపింది మా ఆయన. పెద్ద కేకు ముక్క ఆయనకే వెళ్లింది. "మిగతావాళ్లకి ఫోన్ చెయ్యి. వాటా ఆపకూడదు" అంది.

చేసినవి పోగా ఇంకా చెయ్యాల్సినవి ఇవి. వల వాటా, రిటైరైన ఇంగ్లీషు మేడంగారికి. ఆదివారాలు ఊరికే పాఠం చెప్పి, పైగా ఉప్మా పెట్టేవారు. మనుషుల వాటా, నేను వంట చేసే హాస్టలు పిల్లలకి. చపాతీలు కాలుస్తుంటే పొయ్యి పక్కన నిలబడి గ్రామరు అప్పజెప్పించుకున్నవాళ్లు. బందరులో ఉన్న మేనత్తకి. అమ్మ చేపలమ్మడానికి వెళితే నాకు జడ వేసి బడికి పంపింది ఆవిడే. ఆఖరున, బస్సు కండక్టరుగారు. నా పదో తరగతి పరీక్షలప్పుడు అమ్మ గంపని దించెయ్యకుండా వెనక సీటు కింద పెట్టించి, నా చేతిలో పుస్తకం చూసి, "నువ్వు చదువుకోమ్మా, స్టేజీ వస్తే నేను చెబుతాగా" అన్నాయన. ఆయన నంబరు లేదు, పేరూ తెలియదు. జబ్బుపడి వేటకి రాలేనివాడి వాటాని తడిగోనె కింద పెట్టి ఉంచేవాళ్లు కదా, అలాగే ఉంచమంది అమ్మ. చేపలైతే సాయంత్రానికే పాడయ్యేవి. ఈ వాటా ముప్పై ఏళ్లు ఆగింది, ఇంకొన్నాళ్లు ఆగుతుంది.