ఇరవై ఆరో నెంబరు బండి

మొన్న అనంతపురంలో ఒక ప్రదర్శనకు వెళ్లినప్పుడు, బల్ల మీద బొమ్మ రైళ్లు నడుపుతున్న ఒకాయన, ప్రతి ఇంజనుకూ ఒక నెంబరు ఉంటుందనీ, ఆ నెంబరుతో పిలిస్తేనే అది కదులుతుందనీ చుట్టూ చేరినవాళ్లకు చెబుతుంటే, నేను అక్కడ నిలబడలేక పక్కకు వచ్చేశాను. ఆ సంగతి నాకు కొత్తదేమీ కాదు, మా బావ దగ్గర ఎప్పుడో నేర్చుకున్నదే.

మా పెద్దక్క భర్త రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాక బత్తలపల్లెలో ఇల్లు కట్టుకుని, వేరుశనగ కాయలు పోసుకోవడానికని వేసిన రేకుల గదిలో, వానలు మొహం చాటేసి కాయలు ఇంటికి రాని ఆ ఏళ్లలో, చిన్న పట్టాలు పరిచాడు. కొత్త ఇంజన్లన్నీ మూడో నెంబరుతోనే వచ్చేవి. ఒక్కొక్కదాన్నీ విడిగా ఒక పట్టా ముక్క మీద నిలబెట్టి, చేతిలోని పెట్టె మీద మీటలు నొక్కి, దాని లోపలి చిప్పులో వేరే నెంబరు ఎక్కించేవాడు. "ఏమప్పా, రెండిటికీ ఒగే నెంబరు పెడితే, ఒగదాన్ని పిలిస్తే రెండూ పలుకుతాయి, గుద్దుకొని సస్తాయి" అని నాకు పాఠం చెప్పేవాడు. తనకిష్టమైన నల్లటి ఆవిరి ఇంజనుకు మాత్రం, పెళ్లినాటికి తన వయసని, ఇరవై ఆరు పెట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆ బండిని నడుపుతూనే ఆయన కుర్చీలో ఒరిగిపోయాడు. అక్క అన్నానికి పిలవడానికి వెళ్లేసరికి ఊపిరి లేదు, బండి మాత్రం తిరుగుతూనే ఉందట. పక్కింటివాళ్లు వచ్చి మెయిను స్విచ్చి ఆపితే గానీ నిలవలేదు.

కర్మలయ్యాక కొన్నాళ్లకు అక్క ఫోను చేసింది. "రేయ్, ఆ రూములో స్విచ్చి ఏస్తే బండి దానంతట అదే పోతాండాది. నేనేమీ ముట్టుకోల్యా" అంది.

వెళ్లి చూస్తే బయట ఎర్రమట్టి గాలి, లోపల ఎండకు చిటచిటమంటున్న రేకులు, వాటి కింద బావ నడిపే నిదానంతోనే తిరుగుతున్న బండి. ఆయన ఇచ్చిన చివరి ఆజ్ఞ పెట్టెలో మిగిలిపోయి, కరెంటు రాగానే అదే నడుస్తోందని అక్కకు నచ్చజెప్పి, పెట్టెలోంచి దాన్ని తుడిచేశాను. అది చాలదన్నట్టు బండిని పట్టా ముక్క మీద పెట్టి నెంబరు నలభైకి మార్చాను. ఇరవై ఆరని పిలిస్తే కదల్లేదు, నలభై అంటే కదిలింది. అక్క మొహం తేటపడింది.

మరునాడు అన్నం తింటుండగా కరెంటు పోయి వచ్చింది. వెంటనే గదిలో పట్టాల చప్పుడు వినిపించింది. ఎంగిలి చేతులతోనే ఇద్దరం పరుగెత్తాం. పెట్టె మీది చిన్న అద్దంలో ఇరవై ఆరు వెలుగుతోంది. ఆ నెంబరు లేని బండి దానికి పలుకుతోంది. ఖాళీ కుర్చీ దగ్గరికి వచ్చినప్పుడల్లా, బావ దాన్ని తీరిగ్గా చూసుకోవడానికి నెమ్మది చేసినట్టే, కాస్త జంకి మళ్లీ సాగిపోతోంది. ఆపుదామని స్విచ్చి వైపు చెయ్యి చాపాను. విచిత్రమేమంటే, అంతవరకూ భయపడిన అక్కే ముందుకొచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇంగ దాని జోలికి పోవద్దురా. మీ బావ ఇంగా డ్యూటీ దిగల్యా."

ఆ తర్వాత చాలాకాలం అక్క మధ్యాహ్నాలు ఆ గదిలోనే కూర్చునేది. ఒకరోజు బండి సగం దారిలో ఆగి, ఏ నెంబరుకూ పలకలేదు. "దిగినాడురా" అని మాత్రం ఫోనులో చెప్పి, పట్టాలు తనే ఊడదీసుకుంది. ఇప్పుడు అక్క కూడా లేదు.

మా చిన్నప్పుడు మనిషి పోతే గోడమీద ఒక పటం మిగిలేది, దానికి దండ వేసి మన పనిలో మనం పడేవాళ్లం. ఇప్పుడు పోయినవాళ్లందరూ నా ఫోనులో నెంబర్లై ఉన్నారు. తీసేద్దామంటే మనసు రాదు, ఒక్కసారి నొక్కి చూద్దామంటే ధైర్యం చాలదు. ఎవరూ పలకకపోతే బాధ. పలికితే ఏమనాలో నాకు తెలియదు.