గోడల్లో ఉన్న రెండు లక్షలు

మా వదిన అక్కయమ్మకు నేను చెప్పని మంచిమాట లేదు. ఆమె విన్నదీ లేదు. ఇల్లు కట్టొద్దన్నాను, కట్టింది. జనాన్ని నమ్మొద్దన్నాను, నమ్మింది. నన్నడిగితే ఆమెకు మొండితనం ఎక్కువ. ఆమెనడిగితే నాకు నోరెక్కువ.

మా అన్న వెంకటగిరియప్ప తొంభైమూడులో పోయాడు. బెంగళూరు శివారు కుందలహళ్ళిలో రేకులు కప్పిన ఇల్లు, దాని వెనక ఇరవై బై ముప్పై అడుగుల ఖాళీ స్థలం, ఆయన వదిలివెళ్ళింది అంతే. పిల్లల్లేరు. వెనక గదిలో వదిన ఉండేది. ముందు గదులు నెలకు మూడు వందలకు ఫ్యాక్టరీ పనివాళ్ళకు ఇచ్చింది. నేను కె.ఆర్. పురంలో అద్దె ఇంట్లో ఉంటూ ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసేవాణ్ణి. ఆదివారాలు సైకిలు మీద వెళ్ళి మంచీ చెడ్డా చెప్పి వచ్చేవాణ్ణి.

ఆ చుట్టుపక్కల సాఫ్ట్‌వేరు ఆఫీసులు లేవడం మొదలయ్యాక వదినకు ఇంటి పిచ్చి పట్టింది. చీటీ పాడి, రేకులు తీయించి, స్లాబు వేయించింది. గేటుకు టులెట్ బోర్డు కట్టింది. ఇల్లు చూడడానికి వచ్చి వద్దని వెళ్ళిపోయే ప్రతివాణ్ణీ గేటు దగ్గర ఆపేసేది.

"ఎందుకు నచ్చలేదప్పా? ఉన్నదున్నట్టు చెప్పు, నేనేమీ అనుకోను."

ఒకడు నీళ్ళు చాలవన్నాడు. నేల తవ్వి సంపు కట్టించింది. ఒకడు టాయిలెట్ బయట ఉందన్నాడు. లోపలికి మార్పించింది. ఇంకొకడు స్కూటరు ఎక్కడ పెట్టుకోవాలన్నాడు. ముందరి మెట్లు పగలగొట్టించి వాలుగా సిమెంటు పోయించింది. ఇల్లు వద్దన్నవాణ్ణి పట్టుకుని నిలదీయడం ఏమిటి, పరువు తక్కువ అని నేను తిట్టాను. నా తిట్లు నావి, ఆమె పనులు ఆమెవి. తొంభైఎనిమిది నాటికి ఆ మూడు వందల అద్దె పదిహేను వందలయింది.

ఇక పైన మేడ కట్టాలంది. బ్యాంకుకు వెళ్తే, ఊరి స్థలం, ఖాతా కాయితాలు సరిగా లేవు, అప్పు ఇవ్వం పొమ్మన్నారు. పీడ పోయిందనుకున్నాను. ఆమె ఊరుకుందా?

"బ్యాంకోళ్ళు ఇయ్యకపోతే పోనీప్పా. భోగ్యానికి ఇస్తా."

బెంగళూరులో అద్దెకే కాదు, భోగ్యానికీ ఇల్లిస్తారు. చేరేవాళ్ళు ఒక పెద్ద మొత్తం ఇంటివాళ్ళ చేతిలో పెడతారు. మూడేళ్ళపాటు అద్దె కట్టరు. ఖాళీ చేసే రోజు ఆ మొత్తం పైసా తగ్గకుండా వెనక్కి తీసుకుంటారు. ఇంటివాళ్ళు డబ్బు వాడుకుంటారు, వచ్చినవాళ్ళు ఇల్లు వాడుకుంటారు. ఇది ఊరంతా చేసేదే. కాకపోతే ఊళ్ళోవాళ్ళు ఉన్న ఇంటిని భోగ్యానికిస్తారు. మా వదిన లేని ఇంటిని ఇచ్చింది.

కడప నుంచి వచ్చిన ఫయాజ్, జరీనా అనే జంట ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఫయాజ్‌కు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. వదిన వాళ్ళను ఉత్త స్లాబు మీదకు తీసుకెళ్ళి, ముగ్గుపిండితో గీతలు గీసింది. ఇది హాలు, ఇది పడకగది, ఇది వంటిల్లు అని చూపించింది. ఆ ఎండలో నిలబడి నాకు తల కొట్టేసినట్టయింది. జరీనా మాత్రం చెప్పులు బయటే విడిచి, గీతల మధ్య వంటింట్లోకి వెళ్ళి నిలబడింది.

"కిటికీ ఇటు పెట్టిస్తారా అమ్మా? ఇటైతే గాలొస్తుంది."

"పెట్టిస్తా తల్లీ. నిలబడి వండేది నువ్వు కదా."

రెండు లక్షలకు కుదిరింది. జరీనా తన నగలన్నీ కుదువపెట్టి అందులో సగం తెచ్చింది. నా చేతిరాత బాగుంటుందని ఒప్పందం నాతోనే రాయించారు. రెండువేల ఒకటి ఆగస్టు ముప్పై ఒకటిన సొమ్ము తిరిగి ఇవ్వాలి. నాలుగు నెలల్లో మేడ లేచింది. కిటికీ జరీనా చెప్పిన వైపే పెట్టారు. అది నిజంగానే గాలొచ్చే వైపని నేను కూడా ఒప్పుకోవాలి.

వదిన లెక్క వేరే ఉంది. మూడేళ్ళకు భోగ్యం ధర పెరుగుతుంది. కొత్తగా చేరేవాళ్ళు మూడున్నర లక్షలిస్తే రెండు జరీనాకు ఇచ్చేసి, మిగిలిన లక్షన్నరతో వెనక స్థలంలో గదుల పని మొదలుపెట్టాలి. ఆ గదులు నెల అద్దెకు.

"ముసిలిదాన్ని అయినాక ఎవురి చెయ్యీ చూడకూడదప్పా. ఆ వెనకజాగానే నాకు పెన్షను."

రెండువేల ఒకటిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు ఊడిపోసాగాయి. మే నెలలో ఫయాజ్‌దీ పోయింది. కుదువపెట్టిన నగలకు వడ్డీ కట్టలేకపోయారు. సెప్టెంబరు పదిలోపు విడిపించకపోతే వేలం వేస్తామని నోటీసొచ్చింది. జరీనా వదిన దగ్గరకొచ్చి, గడువుకు డబ్బిచ్చేస్తే నగలు విడిపించుకుని కడప వెళ్ళిపోతామంది. వదిన సరేనంది. కొత్తవాళ్ళు దొరికితే కదా! వీధిలో ఇంటికొక టులెట్ బోర్డు వేలాడుతోంది. చూడడానికి వచ్చేవాడే లేడు, ఎందుకు నచ్చలేదని ఎవణ్ణడుగుతుంది?

జులైలో నేను వెళ్ళి అసలు సంగతి చెప్పాను. "చెప్పానా వదినా, వద్దంటే విన్నావా? సరే, ఇప్పటికైనా విను. డబ్బిచ్చేదాకా వాళ్ళు ఉచితంగా ఉంటారు, ఒప్పందంలో నేనే రాశాను. ఊరికే కూర్చో. వాళ్ళే ఆగుతారు."

"ఆ పిల్ల ఆగుతాది. నగలు ఆగవు కదప్పా."

"అయితే తెచ్చివ్వు. ఎక్కడుంది డబ్బు?"

"యాడుండాది? గోడల్లో ఉండాది."

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఆ జనవరిలోనే నేను ఫ్యాక్టరీలో స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. నాలుగు లక్షలు చేతికొచ్చాయి, బ్యాంకులో వేశాను. ఎవరికీ చెప్పలేదు. అయితే మా ఆవిడ గౌరమ్మకు కడుపులో మాట దాగదు, వదినకు చేరేసింది. వదినకు తెలుసని నాకూ తెలుసు. ఆమె వచ్చి అడుగుతుందని ఎదురుచూశాను. ఇవ్వకూడదని కాదు. అడిగాక కూర్చోబెట్టి, మొదటి చీటీ దగ్గర్నుంచి ఒక్కొక్క తప్పూ వినిపించి, అప్పుడిద్దామని. ఏం చెప్పాలో వరసగా అనుకుని కూడా పెట్టుకున్నాను.

ఆగస్టంతా గడిచింది. ఆమె అడగలేదు.

ముప్పై ఒకటో తేదీ పొద్దున ఒప్పందం రద్దు రాయడానికి రమ్మంటే వెళ్ళాను. వదిన రెండు లక్షలు జరీనా ఒళ్ళో పెట్టింది. ఎలా వచ్చాయని నేను అడిగేలోపే పెరట్లోంచి గునపం చప్పుడు వినిపించింది. ఎవరో మనుషులు హద్దురాళ్ళు పాతుతున్నారు. వెనక స్థలం అమ్మేసింది. అడుగు నాలుగు వందలు కూడా పలకలేదు. ఆ తొందరలో ఎవడిస్తాడు?

జరీనా ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "మాకోసమా అమ్మా? ఒక్కమాట చెప్పుంటే ఏదో ఒకటి చేసుకునేవాళ్ళం కదా."

"నీకోసమేముంది తల్లీ. తీసుకున్నదిచ్చినా. లెక్కపెట్టుకో."

నేను రద్దు కాయితం రాసిచ్చాను. నా చేతిరాత పాడైంది ఆ ఒక్కరోజే.

రెండేళ్ళకు రోజులు మళ్ళీ తిరిగాయి. మేడ మీదకు అద్దెకొచ్చారు. వదినకు జరిగిపోతోంది కానీ, వెనక స్థలం కొన్నవాడు అక్కడ నాలుగంతస్తుల పీజీ హాస్టలు లేపాడు. దాని ఆదాయం నెలకు లక్ష పైమాటేనట. వదిన పెరటి తలుపు తీస్తే ఆ గోడే. మధ్యాహ్నం కూడా గదిలో లైటు వేసుకోవాలి.

రెండువేల ఏడులో ఒక ఆదివారం ఆ లైటు కింద కూర్చుని కాఫీ తాగుతున్నాం. ఆరేళ్ళుగా గొంతులో ఉన్న మాట అడిగేశాను.

"నా దగ్గర డబ్బుందని నీకు తెలుసు. ఒక్కసారి అడిగుంటే ఇచ్చేవాణ్ణి కదా వదినా?"

"ఇచ్చుందువు. అది నాకు తెల్సు."

"మరి ఎందుకు అడగలేదు?"

ఆమె కోపంగా అనలేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది.

"జాగా అయితే ఒక దినం పోయె, ఒక దినం ఏడిస్తి, అయిపోయె. నీ దగ్గర తీసుకుని ఉంటే నువ్వు ప్రతి ఆదివారం వచ్చి ఆ మాటే అంటావు కదప్పా."

నేను గ్లాసు కింద పెట్టి సైకిలు దగ్గరకు నడిచాను. తర్వాతి ఆదివారం వెళ్ళాలా వద్దా అన్నది నాకు తెలియలేదు.