నవ్విందా మేడం?

ఆమె మా డిపార్ట్‌మెంట్‌కి ఎప్పుడొచ్చినా చెప్పులు గది బయటే విడిచేది. వద్దన్నా వినేది కాదు. వాళ్ళది లాలాగూడ రైల్వే క్వార్టర్స్. పదో తరగతి చదివే ఆమె కూతురితో నేను యూనివర్సిటీ పరిశోధన కోసం ఒక మధ్యాహ్నం మాట్లాడాను. ఆ వయసు పిల్లలను ఇల్లు, స్నేహితులు, ఫోను ఎలా మలుస్తాయన్నది మా అధ్యయనం. ఆ ఏడాది వేసవిలోనే ఆ పిల్ల తన ప్రాణం తానే తీసుకుంది.

పిల్లలు మాతో చెప్పింది ఎవరికీ చెప్పకూడదు. పిల్ల పోయాక తల్లి మొదటిసారి వచ్చినప్పుడే ఆ సంగతి చెప్పాను.

"ఏం చెప్పిందో వద్దు మేడం," అందామె. "మీతోని మాట్లాడేటప్పుడు నవ్విందా? గంతే."

"నవ్విందమ్మా."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇంట్ల నవ్వుడు బంద్ చేసి చాన దినాలైంది. నేనేదన్న అడిగితే తలుపేసుకుంటుండె."

తర్వాత కూడా వచ్చేది, అదే అడిగేది. నేనూ అదే చెప్పేదాన్ని. ఒకసారి తార్నాక చౌరస్తాలో కనిపించి, బస్సుల రొద మధ్య నా చెయ్యి పట్టుకుంది.

"గట్టిగ నవ్విందా మేడం?"

"గట్టిగానే నవ్విందమ్మా."

"సాలు," అని ఆటో ఎక్కింది. మళ్ళీ రాలేదు.

నేను చెప్పింది అబద్ధం కాదు. ఆ పిల్ల నిజంగానే గట్టిగా నవ్వింది. ఎప్పుడు నవ్విందో మాత్రం తల్లి ఏనాడూ అడగలేదు. మనసులో బాధ ఉంటే ఇంట్లో ఎవరికి చెప్పుకుంటావమ్మా అని నేను అడిగినప్పుడు.