పడవ ఎక్కిన తాతలు

కెనడాలో, బ్రాంప్టన్‌లోని ఒక మిడిల్ స్కూల్లో ఏడో తరగతికి నన్ను వేసింది పదేళ్ళ కిందటి సెప్టెంబరులో. హోదా ఎల్‌టీఓ. అంటే, ఒక టీచరు దీర్ఘకాలం సెలవు పెడితే ఆ స్థానంలో నెలల తరబడి పనిచేసే తాత్కాలిక ఉపాధ్యాయిని. నవంబరులో ప్రిన్సిపాల్ వచ్చి ఒక పీరియడంతా వెనక కూర్చుంటారు. ఆయన బాగుందని రాస్తేనే పర్మనెంటు ఉద్యోగానికి దారి. మా వంశంలో ఒకరి విద్యను పరీక్షించి శాలువా కప్పినవారే గాని తామే పరీక్షకు నిలబడినవారు లేరు. నేను నిలబడ్డాను.

పాఠం, పద్యంలో చారిత్రక కల్పన. కథంతా చిన్న చిన్న కవితలుగా నడుస్తుంది. ఒక్కో కవితను ఒక్కో పాత్ర తన గొంతుతో చెబుతుంది. సంఘటన చరిత్రది, మనిషి మన ఊహ. ఊహ చరిత్రకు అడ్డం రాకూడదు. అమెరికా తిరుగుబాటు తరువాత, బ్రిటిషు రాజు పక్షాన నిలిచిన కుటుంబాలు పడవల్లో సెయింట్ లారెన్స్ నదికి ఎదురెక్కి వచ్చిన ఘట్టాన్ని ఎంచుకున్నాను. ఎవరు ఏ ప్రయాణికుడో చీటీలు వేశాం. హర్జోత్‌కు సైన్యంలో కెప్టెన్ వచ్చాడు. విజయవాడ వాళ్ళమ్మాయి మేఘనకు పడవ నడిపే సరంగు వచ్చాడు. తరగతిలో మాటలన్నీ ఇంగ్లీషే. ఇక్కడి తెలుగు నాది.

మా తాతగారి జమీ, జమీందారీల రద్దు చట్టంతో పోయింది. ఆయన మీద చెప్పిన పద్యాలను మాత్రం ఏ చట్టమూ పట్టుకుపోలేదు. వాటిలో ముందు వంశం, తరువాత బిరుదులు, ఆ పైన విషయం. పిల్లలకూ అదే క్రమం నేర్పాను. నమూనాగా మా నాలుగు తరాలతో ఒక కవిత రాసి గోడకు అంటించాను.

మేఘన చదివి, "మిస్, నిజంగా మీకు ఏనుగుండేదా?" అంది.

ఉండేదన్నాను.

"పార్కింగ్ ఎక్కడ?"

గజశాల ఉండేదని, మావటివాడు వేరే ఉండేవాడని వివరించాను. "వాలే పార్కింగ్ కూడానా," అంటూ కూర్చుంది.

వంశం చెప్పడం పిల్లలకు నేననుకున్నదానికంటే బాగా ఎక్కింది. నవంబరులో ప్రిన్సిపాల్ వచ్చిననాడు బల్లలు పడవ ఆకారంలో వేసి చదివించాను. పిండిబస్తాతో ఎక్కిన విధవరాలు మిల్లు పెట్టిన తాతతో మొదలుపెట్టింది. కోళ్ళగంప పిల్లవాడు ముత్తాత దాకా వెళ్ళాడు. కెప్టెన్ వంతు వచ్చేసరికి సగం పీరియడు అయిపోయింది, పడవ ఇంకా గట్టునే ఉంది. గంట కొట్టేలోగా పడవ నదిలోని సుడులు దాటుతుందని పాఠ ప్రణాళికలో నేనే రాసిచ్చాను. ప్రిన్సిపాల్ గడియారం చూసి ఏదో రాసుకున్నారు. ఇక చాలని హర్జోత్‌కు కళ్ళతో సైగ చేశాను. మెచ్చుకోలనుకుని అతను తల్లివైపు వంశం ఎత్తుకున్నాడు.

అప్పుడు మేఘన లేచింది. ఆమె వంతు చివరిది. చేతిలో కాగితం కూడా లేదు.

"పడవ కదలదు కెప్టెన్.
మీ ఒక్కరికే చోటుంది.
మీ తాతలు చాలా బరువు.
దించండి."

హర్జోత్ తగ్గలేదు. "మా తాత కల్నల్."

"ఈతొచ్చా?"

హర్జోత్ తన కాగితం కేసి కాసేపు చూసుకుని, పెన్సిలుతో గీతలు కొట్టి, "దిగాడు," అన్నాడు.

విధవరాలు చెయ్యెత్తింది. "మా తాతనూ దించేస్తా. పిండి ఉంచుకోవచ్చా?"

"పిండి ఉంచు," అంది సరంగు.

తరువాత అందరూ కొట్టివేతల్లో పడ్డారు. నేను చెప్పలేదు, ఆపనూ లేదు. కొట్టగా మిగిలినది మళ్ళీ చదివారు. కెప్టెన్‌కు మిగిలినవి రెండే పాదాలు:

"నాకు నీళ్ళంటే భయం.
యూనిఫాం మీద అది కనబడకూడదు."

గంటకు కాస్త ముందు పడవ సుడులు దాటింది.

ప్రిన్సిపాల్ వెళుతూ గోడ మీది నమూనా వైపు చూపించి, "మరి మీవాళ్ళో?" అన్నారు.

"గట్టునే ఉంటారు. వాళ్ళకు ఇతరులతో కలిసి ప్రయాణం అలవాటు లేదు," అన్నాను.

ఆయన నవ్వారు. పిల్లలు తమ రాతను తామే దిద్దుకోవడం కళ్ళారా చూశానని నివేదికలో రాశారు. మరుసటి ఏడు ఉద్యోగం పర్మనెంటు అయింది.

రిటైరయ్యేవరకు ఈ పాఠాన్ని మార్చిన క్రమంలోనే చెప్పాను. పాత్ర ఆ నిమిషంలో ఏం మోస్తోంది, దేనికి భయపడుతోంది అన్నది ముందు రాయించాలి. అది కుదిరితే మనిషి నిలబడతాడు, అతనితో పాటు అతని కాలమూ నిలబడుతుంది. వంశం రెండో ప్రతిలో, చోటుంటే. సాధారణంగా చోటు ఉండేది కాదు.